యూరప్ మహిళల క్లబ్ వాలీబాల్ ప్లేఆఫ్స్: అపోహలు – వాస్తవాలు

మార్చి వచ్చిందంటే నా నిద్ర వేళలు మారిపోతాయి. ఇటలీ లీగ్‌లో ప్లేఆఫ్స్ మొదలయ్యేది అప్పుడే. అక్కడ రాత్రి ఎనిమిదిన్నరకు మొదలయ్యే మ్యాచ్ మనకు ఒంటి గంటకు వస్తుంది. ఆ నెల ఆఖరి ఆదివారం వాళ్లు గడియారాలు గంట ముందుకు జరుపుకున్నాక అర్ధరాత్రికే వస్తుంది. తుర్కియే ఆటలు ఇంకాస్త అనువు. ఇస్తాంబుల్‌లో రాత్రి ఏడు అంటే మనకు తొమ్మిదిన్నర. నేను అమ్మాయిలకు వాలీబాల్ నేర్పే శిక్షకురాలిని. పొద్దున మైదానంలో ఏం చెప్పాలో రాత్రి చూసిన ఈ ఆటలే నాకు అందిస్తాయి.

ఈ మ్యాచ్‌లు చూసే తెలుగు అభిమానులతో తరచూ మాట్లాడుతుంటాను. వాళ్లలో మిలాన్‌లో చదువుకుంటూ, టికెట్ కొనుక్కుని నేరుగా చూసి వచ్చే పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ల ప్రేమకు వంక పెట్టలేను. కానీ వాళ్ల కళ్లు ఎప్పుడూ బంతి నేలను తాకిన చోటే ఆగిపోతాయి. ఆ బంతిని మొదట ఎవరు అందుకున్నారు, ఎంత బాగా అందుకున్నారు అన్నది చూడరు. వాదనల్లో సగం అక్కడే పుడతాయి.

అపోహ: రెండు మ్యాచ్‌లలో కలిపి ఎక్కువ సెట్లు గెలిచిన జట్టు ముందుకు వెళుతుంది.

యూరప్ మేటి క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్‌లో రెండేసి మ్యాచ్‌ల నాకౌట్ దశ రాగానే ప్రతి ఏటా లేచే తగాదా ఇది. ఫుట్‌బాల్‌లో రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూసే పద్ధతికి అలవాటు పడినవాళ్లు ఇక్కడ సెట్లు కూడుతుంటారు. ఇక్కడి లెక్క పాయింట్లది. 3-0 తో గెలిచినా, 3-1 తో గెలిచినా మూడు పాయింట్లు వస్తాయి, ఓడిన జట్టుకు సున్నా. ఐదో సెట్ దాకా వెళ్లి గెలిస్తే రెండే, అప్పుడు ఓడిన జట్టుకూ ఒకటి దక్కుతుంది.

ఒక జట్టు సొంత ఊళ్లో 3-0 తో గెలిచి, అవతలి ఊళ్లో 1-3 తో ఓడిందనుకోండి. సెట్లు కూడితే నాలుగు, మూడు. ఆ ఆధిక్యం దేనికీ పనికిరాదు, ఎందుకంటే పాయింట్లు మూడు, మూడు. అప్పుడు గోల్డెన్ సెట్ ఆడాలి. అది పదిహేను పాయింట్ల ఒకే ఒక్క సెట్. రెండు పాయింట్ల తేడా ఉండి తీరాలి, ఎనిమిది దగ్గర కోర్టు మారతారు. నాలుగైదు సెట్లు ఆడి కాళ్లు బరువెక్కిన అమ్మాయిల మీద ఏడాది శ్రమంతా ఆ పదిహేను పాయింట్లలో వచ్చి పడుతుంది.

ఇదే లెక్క తిప్పి చూస్తే ఇంకొకటి అర్థమవుతుంది. మొదటి మ్యాచ్ 3-0 తోనో 3-1 తోనో గెలిచిన జట్టుకు రెండో మ్యాచ్‌లో రెండు సెట్లు చాలు. ఓడినా ఒక పాయింటు ఖాయం, మొత్తం నాలుగు అవుతాయి, అవతలి జట్టు రెండు దగ్గరే ఆగిపోతుంది. అందుకే రెండో సెట్ చేతికి రాగానే కోచ్ తన ప్రధాన క్రీడాకారిణులను బెంచీకి పిలుస్తాడు. టికెట్ కొన్నవాళ్లకు బాధ కలుగుతుంది, నిజమే. మూడు రోజుల్లో లీగ్ మ్యాచ్ ఉన్నప్పుడు భుజాలను కాపాడుకోవడం కోచ్ బాధ్యత. దాన్ని మ్యాచ్ వదిలేయడం అనకండి.

అపోహ: ఎక్కువ పాయింట్లు కొట్టే అమ్మాయి ఉన్న జట్టుదే కప్పు.

ఇటలీ అటాకర్ పావోలా ఎగోను కంటే పెద్ద ఉదాహరణ దొరకదు. 2019లో బెర్లిన్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో ఇటలీ క్లబ్బు నొవారా తరఫున ఆడి గెలిచింది. కరోనా వల్ల 2020 ఫైనల్ జరగలేదు. 2021లో వెరోనాలో మరో ఇటలీ క్లబ్బు కొనెల్యానో జెర్సీతో గెలిచింది. 2022లో ల్యుబ్ల్యానాలో అదే కొనెల్యానో తరఫున ఆడి తుర్కియే క్లబ్బు వకిఫ్‌బ్యాంక్ చేతిలో ఓడింది. 2023లో ట్యూరిన్‌లో వకిఫ్‌బ్యాంక్ తరఫునే ఆడి గెలిచింది. 2024లో అంతల్యాలో మిలానో తరఫున కొనెల్యానో చేతిలో ఐదు సెట్లలో ఓడింది. వరసగా ఐదు ఫైనల్స్, నాలుగు క్లబ్బులు, మూడు కప్పులు. కొట్టే చేయి ఒకటే. ఆ చేతికి బంతి ఎలా చేరిందన్నదే మారింది.

పాయింట్ల పట్టిక చూసి మురిసిపోయే ముందు ఒక చిన్న లెక్క వేయండి. ఒక అమ్మాయి 60 సార్లు కొట్టి 25 పాయింట్లు తెచ్చింది, బయటకు కొట్టినవి, నెట్ దగ్గర చేతులు అడ్డుపెట్టే అవతలి బ్లాకుకు చిక్కినవి కలిపి 12 పోగొట్టింది. అంటే జట్టుకు మిగిలింది 13, అరవైలో సుమారు 22 శాతం. ఇంకొకరు 26 సార్లే కొట్టి 14 తెచ్చి 3 పోగొట్టింది. మిగిలింది 11, అంటే 42 శాతం. మరునాడు అభిమానులందరూ మొదటి అమ్మాయి గురించే మాట్లాడతారు. అవతలి కోచ్ రాత్రంతా రెండో అమ్మాయి వీడియోనే చూస్తాడు.

అపోహ: సర్వీసు నెట్‌కు కొట్టడం, బయటకు కొట్టడం నిర్లక్ష్యం.

నా దగ్గర నేర్చుకునే అమ్మాయిల తల్లిదండ్రులు కూడా ఇదే అంటారు, "మేడమ్, ఉత్త పుణ్యానికి పాయింటు ఇచ్చేశారు" అని. ఒక్కసారి దగ్గరగా చూద్దాం. కొట్టేవాళ్లకు బంతిని లేపి ఇచ్చేది సెట్టర్. బంతి ఆమె నెత్తి మీదకు మెత్తగా వచ్చి పడితే ఆమెకు అన్ని దారులూ తెరిచే ఉంటాయి. మధ్యలో వేగంగా ఇవ్వవచ్చు, ఎడమకు, కుడికి ఇవ్వవచ్చు, వెనుక వరసలోంచి దూకే అమ్మాయికీ ఇవ్వవచ్చు. అవతలి బ్లాకర్లు ఎటు కదలాలో తెలియక ఒక్కొక్కరుగా మిగిలిపోతారు. అదే బంతి నెట్‌కు మూడు, నాలుగు మీటర్ల దూరంలో పడితే మధ్య దారి మూసుకుపోతుంది. అంచుకు ఎత్తుగా లేపడం తప్ప వేరే మార్గం ఉండదు. అక్కడ ఇద్దరు, ఒక్కోసారి ముగ్గురు చేతులు చాచి ఎదురుచూస్తుంటారు.

కాబట్టి గట్టి సర్వీసు పాయింటు కోసమే కొట్టేది కాదు, అవతలి సెట్టర్ దారులు మూయడానికి. మహిళల ఆటలో ఎక్కువగా కనిపించేది తిప్పకుండా కొట్టే ఫ్లోట్ సర్వీసు. బంతిలో సుడి ఉండదు కనుక గాలిలో ఊగుతుంది, ఆఖరి క్షణంలో పక్కకో కిందికో జారుతుంది. ప్లేఆఫ్స్‌లో దాన్ని ఎవరి మీదకో వేయరు, ఇద్దరి మధ్య ఖాళీలోకి వేస్తారు. "నీదా, నాదా" అని ఇద్దరూ అర క్షణం ఆగితే చాలు. ఈసారి మ్యాచ్ చూసేటప్పుడు సర్వీసు చేసే అమ్మాయిని వదిలేసి, అవతల అందుకునే ముగ్గురి భుజాల వైపు చూడండి. ఏ భుజం ముందుగా బిగుసుకుందో కనిపిస్తుంది. తరువాతి మూడు సర్వీసులు అటే వెళతాయి.

అపోహ: లిబెరో అంటే వెనుక కాపలా మాత్రమే.

ఈ మాట వింటే నాకు నిజంగా కష్టంగా ఉంటుంది. రంగు వేరైన జెర్సీ వేసుకుని, సర్వీసు అందుకునే వరసను నడిపించేది ఆమె. లిబెరో బ్లాక్ చేయకూడదు, నెట్ కంటే ఎత్తులో ఉన్న బంతిని అవతలకు కొట్టకూడదు. మరో నియమం చాలామందికి తెలియదు: మూడు మీటర్ల గీత ముందు నిలబడి ఆమె వేళ్లతో బంతిని లేపితే, దాన్ని సహచరి నెట్ కంటే ఎత్తులో కొట్టడానికి వీలు లేదు. అందుకే సెట్టర్ నేల మీద పడి ఉన్నప్పుడు లిబెరో గీత వెనుక నుంచి ఎగిరి, గాలిలో ఉండగానే బంతిని లేపి, గీత ముందు దిగుతుంది. కొనెల్యానో లిబెరో మోనికా దె జెన్నారో ఆ ఎగురు ఎగరడం చూడండి. 2013 నుంచి అదే క్లబ్బులో ఉంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఇటలీ స్వర్ణం గెలిచినప్పుడు ఆమె వయసు 37.

అపోహ: సెట్టర్‌ను బయటకు పిలిచారంటే ఆమె ఆట బాగోలేదు.

కొనెల్యానో కెప్టెన్ యొఆన్నా వొవొష్ బయటకు రాగానే ఫోనుల్లో సందేశాలు మొదలవుతాయి. చాలాసార్లు అది శిక్ష కానే కాదు. సెట్టర్ ముందు వరసలోకి వచ్చినప్పుడు నెట్ దగ్గర కొట్టేవాళ్లు ఇద్దరే మిగులుతారు. ఆమెకు ఎదురు మూలలో ఆడే ప్రధాన అటాకర్ ఆ సమయంలో వెనుక వరసలో ఉంటుంది. అప్పుడు కోచ్ ఇద్దరినీ ఒకేసారి మారుస్తాడు. వెనుకకు వెళ్లిన అటాకర్ స్థానంలో రెండో సెట్టర్ వస్తుంది, ముందుకు వచ్చిన సెట్టర్ స్థానంలో రెండో అటాకర్ వస్తుంది. మూడు భ్రమణాల పాటు, అంటే క్రీడాకారిణులు మూడుసార్లు స్థానాలు జరిగేదాకా, నెట్ దగ్గర ముగ్గురు అటాకర్లు నిలుస్తారు, తరువాత పాత ఇద్దరూ తిరిగి వస్తారు. ఇటలీలో దీన్ని దొప్పియో కాంబియో అంటారు, జంట మార్పు అని అర్థం. సెట్‌కు ఉన్న ఆరు మార్పుల్లో నాలుగు దీనికే ఖర్చవుతాయి. అందుకే మంచి కోచ్ దీన్ని ఎప్పుడు వాడాలా అని చివరి వరకు తూచుకుంటాడు.

అపోహ: తుర్కియే క్లబ్బులు డబ్బుతో కప్పులు కొంటాయి, అసలు ఆట ఇటలీదే.

డబ్బు లేదని నేననను. రెండు చోట్లా ఉంది. కానీ వకిఫ్‌బ్యాంక్ ఛాంపియన్స్ లీగ్ కప్పును 2011, 2013, 2017, 2018, 2022, 2023లలో ఆరుసార్లు గెలిచింది. ఆ ఆరుసార్లూ కోచ్ ఒక్కరే, జొవాన్ని గ్విదెత్తి, ఇటలీవాడు. 2008 నుంచి అక్కడే పని చేశాడు. ఇటు కొనెల్యానో కోచ్ దానియేలె శాంతారెల్లి తుర్కియే జాతీయ జట్టుకు కూడా కోచ్. 2023లో ఆ జట్టు నేషన్స్ లీగ్, యూరప్ ఛాంపియన్‌షిప్ రెండూ గెలిచింది. ఇస్తాంబుల్ క్లబ్బు ఫెనెర్‌బాహ్చెలో ఎదా ఎర్దెమ్ 2008 నుంచి ఆడుతోంది. అంత కాలం ఒకే చోట ఉన్న మనిషిని కొనుగోలు అని ఎలా అంటాం? 2022లో అయితే స్వీడన్ అటాకర్ ఇసబెల్ హాక్ వకిఫ్‌బ్యాంక్ నుంచి కొనెల్యానోకు, ఎగోను కొనెల్యానో నుంచి వకిఫ్‌బ్యాంక్‌కు వెళ్లారు. మరుసటి ఏడు వకిఫ్‌బ్యాంక్‌కు, ఆ పై ఏడు కొనెల్యానోకు కప్పు దక్కింది. 2025లో బ్యాంకాక్‌లో జరిగిన ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్ ఇటలీ, తుర్కియేల మధ్యే జరిగింది. ఇటలీ ఐదు సెట్లలో గెలిచింది. నెట్‌కు రెండు వైపులా ఉన్నవాళ్లు ఏడాది పొడవునా క్లబ్బుల్లో ఒకరి సర్వీసు ఒకరు అందుకున్నవాళ్లే.

అపోహ: క్లబ్బుల పేర్లు ఊళ్ల పేర్లే.

కొనెల్యానో, నొవారా ఊళ్లే. వకిఫ్‌బ్యాంక్ మాత్రం నిజంగానే బ్యాంకు. అందులోని వకిఫ్ మనకు తెలిసిన వక్ఫ్ అన్న మాటే. మరో తుర్కియే క్లబ్బు ఎజాజిబాషిది ఒక పారిశ్రామిక సంస్థ పేరు, ఆ మాటకు ప్రధాన ఔషధకారుడు అని అర్థం.

అపోహ: లీగ్‌లో ఓడించిన జట్టును కప్పులోనూ ఓడిస్తారు.

2019 వసంతంలో ఇటలీ టైటిల్ పోరులో కొనెల్యానో నొవారాను ఓడించింది. కొద్ది రోజులకే బెర్లిన్‌లో నొవారా అదే కొనెల్యానోను 3-1 తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ కప్పు ఎత్తుకుంది. వరస మ్యాచ్‌ల పోరులో ఒక జట్టుకు మరో జట్టు గుట్టు మొత్తం తెలిసిపోతుంది. ఎవరు ఏ భ్రమణంలో ఎటు కొడతారో గణాంకాలతో సహా కాగితం మీద ఉంటుంది. అందుకే నాలుగో మ్యాచ్ వచ్చేసరికి గెలిపించేది కొత్త ఎత్తుగడ, లేదా బెంచీ మీది నుంచి లేచి వచ్చిన అమ్మాయి. 2019, 2021ల మధ్య వరసగా 76 మ్యాచ్‌లు గెలిచి వకిఫ్‌బ్యాంక్ 73 రికార్డును దాటిన కొనెల్యానో కూడా 2022 ఫైనల్‌లో ఆ వకిఫ్‌బ్యాంక్ ముందే తలవంచింది.

అపోహ: ఆరడుగులు దాటితేనే ఈ స్థాయిలో చోటు.

ఈ మాటను నేను మిగతా అన్నింటికంటే పట్టుదలగా ఖండిస్తాను, ఎందుకంటే దీన్ని నమ్మి మానేసిన అమ్మాయిలను చూశాను. మహిళల నెట్ ఎత్తు 2.24 మీటర్లు. ఎత్తు ఉపయోగపడుతుంది, కాదనను. కానీ బ్రెజిల్ కెప్టెన్ గాబి ఎత్తు 1.80 మీటర్లు, ఆరడుగులకు తక్కువే. 2019 నుంచి 2024 దాకా వకిఫ్‌బ్యాంక్, ఆ తరువాత కొనెల్యానో. 2025లో ఇస్తాంబుల్‌లో ఇటలీకే చెందిన స్కాందిచ్చి క్లబ్బును 3-0 తో ఓడించి ఛాంపియన్స్ లీగ్ కప్పు గెలిచిన కొనెల్యానో జట్టులో ఆమె ఉంది. సర్వీసు అందుకునే ముందు ఆమె పాదాలను చూడండి. అవతల బంతి చేతిని వదలక ముందే ఎడమ పాదం కొంచెం ముందుకు జారుతుంది, మోకాళ్లు వంగుతాయి, చేతులు మాత్రం ఆఖరున కలుస్తాయి.

మా మైదానంలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది, ఎత్తు తక్కువ. ఆ వీడియోను నా ఫోనులో నెమ్మదిగా ఆడించి నాలుగుసార్లు చూపించాను. మరునాడు పొద్దున, నేను ఇంకా బంతుల సంచి విప్పక ముందే, గీత వెనుక నిలబడి ఎడమ పాదం ముందుకు జరుపుతూ, వెనక్కి తీస్తూ కనిపించింది. బంతి లేదు, ఎదురుగా ఎవరూ లేరు. ఆ రోజు మొదటి సర్వీసు ఆమె మీదకే వేయించాను.