పెద్ద బండి దిగి హైబ్రిడ్ ఎక్కే ముందు: మా షెడ్డులో వినబడే అపోహలు

విజయవాడ ఆటోనగర్‌లో మాది చిన్న షెడ్డు. పెద్ద ఎస్‌యూవీలు సర్వీసుకు వదలడానికి వచ్చేవాళ్లు ఒకప్పుడు టైర్ల గురించి, క్లచ్ గురించి అడిగేవారు. ఇప్పుడు బల్ల మీద కూర్చుని టీ గ్లాసు అందుకోగానే వచ్చే ప్రశ్న ఒకటే: "మేస్త్రీ, దీన్ని అమ్మేసి హైబ్రిడ్ తీసుకుంటే గిట్టుబాటవుతుందా?" 2021 జూన్‌లో లీటరు పెట్రోలు వంద దాటిన నాటి నుంచి ఈ మాట వింటున్నాను. హైబ్రిడ్ అంటే ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారు, దానికో బ్యాటరీ కూడా ఉన్న బండి. నేను చాలా ఏళ్లు డీజిలు ఇంజిన్లు విప్పి బిగించినవాడిని, హైబ్రిడ్ పని తర్వాత నేర్చుకున్నాను. రెండింటి మీదా మమకారం ఉంది కాబట్టి ఎవరి వైపూ వకాల్తా పుచ్చుకోను.

అపోహ: హైబ్రిడ్ అంటే ఇంట్లో ఛార్జింగ్ పెట్టాలి.

అక్కర్లేదు. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే హైబ్రిడ్లకు ప్లగ్గు పెట్టే చోటే ఉండదు. బ్రేకు వేసినప్పుడు వృథాగా పోయే శక్తిని మోటారు కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది, తక్కువపడితే ఇంజిన్ నింపుతుంది. టయోటా హైరైడర్ హైబ్రిడ్ బ్యాటరీలో పట్టేది దాదాపు ముప్పావు యూనిట్. మీ కరెంటు బిల్లులో ఒక్క యూనిట్ కూడా నిండదన్నమాట. అందుకే "పెట్రోలు అయిపోతే బ్యాటరీ మీద ఇంటికి వెళ్లిపోవచ్చు" అనుకోవడం కూడా పొరపాటే. కిలోమీటరో రెండో నెమ్మదిగా వెళ్తుంది, అంతే.

అపోహ: వెనుక హైబ్రిడ్ అని రాసి ఉంటే అన్నీ ఒకటే.

అసలు మోసపోయేది ఇక్కడే. ఇందులో రెండు జాతులు ఉన్నాయి. మైల్డ్ హైబ్రిడ్‌లో చిన్న మోటారు బెల్టు ద్వారా ఇంజిన్‌కు చేయూతనిస్తుంది, బండిని ఒంటరిగా లాగలేదు. మారుతి 2015లో సియాజ్ డీజిలులో తెచ్చింది ఇలాంటిదే. 2025లో ఫార్చునర్‌కు జోడించిన 48 వోల్టుల ఏర్పాటూ ఈ జాతిదే. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో మోటారు ఒక్కటే బండిని కదిలించగలదు. హోండా సిటీ హైబ్రిడ్, హైరైడర్, గ్రాండ్ విటారాల్లోని ఖరీదైన రకాలు, ఇన్నోవా హైక్రాస్ హైబ్రిడ్ ఈ కోవలోకి వస్తాయి. ఒకే పేరున్న కారులో రెండు జాతులూ అమ్ముతారు, కాబట్టి పేరు చూసి మురిసిపోవద్దు.

షోరూములో ఎవరినీ అడగకుండానే తేల్చుకునే ఉపాయం ఒకటి ఉంది. టెస్ట్ డ్రైవ్‌లో సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆగినప్పుడు ఏసీ గాలి మీద చెయ్యి పెట్టి చూడండి. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఏసీ కంప్రెసర్ కరెంటుతో తిరుగుతుంది కాబట్టి చల్లదనం తగ్గదు. మామూలు మైల్డ్ హైబ్రిడ్‌లో కంప్రెసర్ ఇంజిన్ బెల్టుకు కట్టుబడి ఉంటుంది, కాసేపటికి వెచ్చటి గాలి వస్తుంది. రెండో ఆనవాలు, పచ్చ లైటు పడ్డాక ఇంజిన్ చప్పుడు లేకుండా బండి ముందుకు జరగడం.

అపోహ: కంపెనీ చెప్పిన 27 కిలోమీటర్లు ఎక్కడైనా వస్తాయి.

హైరైడర్‌కు ప్రకటించిన మైలేజీ 27.97, హైక్రాస్‌కు 23.24. ఇవి ప్రయోగశాల అంకెలు. మా దగ్గరికి వచ్చే హైరైడర్ల తెర మీద ఎక్కువగా కనిపించేవి 19 నుంచి 22. అదీ తక్కువేమీ కాదు.

మామూలు కారుకు హైవే మీద మైలేజీ బాగా వస్తుంది, ఊళ్లో పడిపోతుంది. హైబ్రిడ్ దీనికి తలకిందులు. బెంజ్ సర్కిల్ నుంచి ఏలూరు రోడ్డు దాకా ఆగుతూ సాగుతూ వెళ్లేవాళ్లకు అది అన్నం పెడుతుంది. ఆగిన ప్రతిసారీ ఇంజిన్ నిద్రపోతుంది, బ్రేకు తొక్కిన ప్రతిసారీ కాస్త శక్తి తిరిగొస్తుంది. అదే హైదరాబాదు హైవే ఎక్కి 110లో వెళ్తే తొక్కడానికి బ్రేకేదీ? లాగేది దాదాపు అంతా ఇంజినే. పైగా 80 నుంచి 110కి పెరిగితే గాలి ఒత్తిడి దాదాపు రెట్టింపవుతుంది, ఆ శిక్ష అందరికీ సమానమే. హైవేలోనూ హైబ్రిడ్‌కు కొంత మేలు మిగులుతుంది. దాని ఇంజిన్ సాధారణంగా అట్కిన్సన్ పద్ధతిది, పెట్రోలు మండాక వచ్చే వ్యాకోచాన్ని ఎక్కువగా పిండుకుంటుంది. తక్కువ వేగంలో దాని బలం చాలదు, ఆ లోటు మోటారు పూడుస్తుంది. కానీ నెలలో సగం రోజులు హైవే మీదే, ఏడుగురితో, సామానుతో తిరిగేవాళ్లకు మంచి డీజిలు బండి ఇప్పటికీ చెడ్డ బేరం కాదు. టాక్సీ నడిపేవాళ్లు డీజిలు ఇన్నోవా క్రిస్టాను ఊరికే పట్టుకుని లేరు.

అపోహ: హైబ్రిడ్ కొంటే డబ్బు ఆదా అయినట్టే.

కాగితం, పెన్ను తీసుకోండి. పెట్రోలు 110 రూపాయలు అనుకుందాం. నెలకు 1500 కిలోమీటర్లు, ఎక్కువగా ఊళ్లో. ఒకే సైజు కారు, పెట్రోలుది 13 ఇస్తుంది, హైబ్రిడ్ 20 ఇస్తుంది. మొదటిదానికి నెలకు సుమారు 12,700, రెండోదానికి 8,250. ఏడాదికి 53 వేల పైచిలుకు తేడా. హైబ్రిడ్‌కు మూడు లక్షలు అదనంగా పెట్టారనుకుంటే అయిదున్నర ఏళ్లు దాటాక తిరిగొస్తాయి. నెలకు 500 కిలోమీటర్లే తిరిగితే? దాదాపు 17 ఏళ్లు! అప్పటికి బండి ఉండాలి, మనమూ ఉండాలి.

మొన్న ఒక పెద్దాయన అప్పు తీరిపోయిన పెద్ద ఎస్‌యూవీ అమ్మి, కొత్త హైబ్రిడ్‌కు మళ్లీ లక్షల్లో అప్పు చేస్తానన్నారు. నెలకు ఎంత తిరుగుతారండీ అంటే నాలుగొందలు అన్నారు. "అయ్యా, మీరు డీజిలు మీద మిగిల్చేది బ్యాంకు వడ్డీకి కూడా చాలదు" అన్నాను. ఆయనకు నచ్చలేదు. కొత్త బండి కొనాలనే కోరిక ఉన్నప్పుడు పొదుపు అనేది మంచి సాకు, దాన్ని నేను తప్పు పట్టను. లెక్క మాత్రం లెక్కే.

దీనికి మరో కోణమూ ఉంది. 9 ఇచ్చే బండి నుంచి 12 ఇచ్చే బండికి మారితే వెయ్యి కిలోమీటర్లకు సుమారు 28 లీటర్లు మిగులుతాయి. 20 నుంచి 28కి మారితే మిగిలేది 14 లీటర్లే. మూడు కిలోమీటర్ల మెరుగు, ఎనిమిది కిలోమీటర్ల మెరుగు కన్నా రెట్టింపు మిగిల్చింది. కాబట్టి ఇంట్లో రెండు బండ్లు ఉంటే, ముందు మార్చాల్సింది ఊళ్లో ఎక్కువగా తిరిగే పెద్ద బండిని. ఇప్పటికే బాగా ఇస్తున్న చిన్న కారు జోలికి పోకండి.

పన్ను సంగతి చాలామందికి తెలియదు. ఇదివరకు పెద్ద ఎస్‌యూవీ మీద జీఎస్టీ, సెస్సు కలిపి 50 శాతం పడితే, నాలుగు మీటర్లు దాటిన హైబ్రిడ్‌కు 43 పడేది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండింటికీ 40. అంటే పెద్ద బండి మీద హైబ్రిడ్‌కు ఉన్న ఆ చిన్న పైచేయి పోయింది. ఎలక్ట్రిక్ కార్లకు మాత్రం 5 శాతమే.

అపోహ: ఇది కొత్త సరుకు, ఎక్కువ భాగాలు, ఎక్కువ మరమ్మతులు.

టయోటా హైబ్రిడ్ కారు ప్రియస్ జపాన్‌లో 1997 డిసెంబర్‌లోనే వచ్చింది. మన దేశంలో 2008లో సివిక్ హైబ్రిడ్, 2013లో కామ్రీ హైబ్రిడ్ అమ్మారు, ధర చూసి జనం దండం పెట్టారు. అమెరికాలో మనవాళ్లు పిల్లలతో, అమ్మానాన్నలతో తిరిగే టయోటా వ్యాను సియెన్నా 2021 మోడల్ నుంచి హైబ్రిడ్‌గానే వస్తోంది.

మరమ్మతుల మాటకొస్తే, టయోటా పద్ధతిలో విడి స్టార్టర్ మోటారు లేదు, ఆల్టర్నేటర్ లేదు, అరిగే క్లచ్ ప్లేటు లేదు. లోపల ఉన్నది పళ్ల చక్రాల కూర్పు, దాన్ని సీవీటీ (మెట్లు లేని ఆటోమేటిక్ గేరు) అంటారు గానీ, మామూలు సీవీటీలో ఉండే బెల్టు అందులో లేదు. మెత్తగా నడిపేవాళ్ల బ్రేకు ప్యాడ్లు చూస్తే మాకు దిగులు, వ్యాపారం ఉండదు.

తిరుమల ఘాట్ దిగుతుంటే ఇంజిన్ గట్టిగా అరుస్తోందని కంగారుగా ఫోన్ చేసినవారున్నారు. బ్యాటరీ నిండిపోయింది, ఇక కరెంటు పోయడానికి చోటు లేదు, అందుకే ఇంజిన్‌ను తిప్పి వేగాన్ని అదుపు చేస్తుంది. గేరు మీటలో బి అక్షరం ఉంటే దిగుడులో అదే వాడండి.

అపోహ: వాన నీళ్లలో హైబ్రిడ్ బండి షాక్ కొడుతుంది.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు ఈ భయం ఊరంతా పాకింది. పెద్ద బ్యాటరీ కరెంటుకు బండి బాడీతో సంబంధం ఉండదు. లోపల లోపం కనిపెడితే, లేదా బండి స్విచ్ ఆఫ్ చేస్తే, రిలేలు దాన్ని తెంచేస్తాయి. నిజంగా చేయకూడని పనులు రెండు: మునిగిన బండిని స్టార్ట్ చేసి చూడటం, పెద్ద బ్యాటరీ కరెంటు పారే నారింజ రంగు తీగలను ముట్టుకోవడం. మేము కూడా కరెంటును ఆపే రబ్బరు తొడుగులు వేసుకుని, పెద్ద బ్యాటరీని విడగొట్టే సర్వీసు ప్లగ్గు పీకి, పది నిమిషాలు ఆగాకే వాటి మీద చెయ్యి వేస్తాం. మునిగిన బండిని క్రేను మీదే తరలించండి.

అపోహ: మన ఎండలకు బ్యాటరీ మూడేళ్లలో పోతుంది, లక్షలు అవుతాయి.

రోహిణీ కార్తెలో రోళ్లు పగిలే ఊరు మాది, ఎండకు బ్యాటరీ ఆయుష్షు కొంత తగ్గుతుందన్నది కాదనను. కానీ ఈ బ్యాటరీని పూర్తిగా నింపడమూ, పూర్తిగా ఖాళీ చేయడమూ జరగదు. కంప్యూటర్ దాన్ని మధ్యస్థంగానే ఉంచుతుంది. టయోటా మన దేశంలో దీనికి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది.

ఎక్కువసార్లు చచ్చిపోయేది వేరే బ్యాటరీ. కంప్యూటర్లను మేల్కొలిపే మామూలు 12 వోల్టులది. నెల రోజులు బండిని కదపకుండా ఊరెళ్లి వస్తే అది నీరసించి, బండి మొత్తం బొమ్మలా నిలబడుతుంది. ఒక టీచరమ్మకు ఇదే జరిగితే, ఎవరో పెద్ద బ్యాటరీ పోయింది, మూడు లక్షలు అన్నారట. మేము 12 వోల్టుల బ్యాటరీ మార్చాం, ఏడు వేలతో తేలిపోయింది.

పెద్ద బ్యాటరీని నిజంగా చంపేది ఊపిరాడకపోవడం. గాలితో చల్లబడే బండ్లలో వెనుక సీటు దగ్గర చిన్న జాలీ ఉంటుంది, ఫ్యాను అక్కడి నుంచే ఏసీ గాలిని లాక్కుని బ్యాటరీకి పంపుతుంది. సంచీలు, పిల్లల దుప్పట్లు, బియ్యం బస్తా దానికి అడ్డం పెడితే బ్యాటరీ కాగుతుంది. లోపలి ఫిల్టరుకు ధూళి పట్టినా అంతే, ప్రతి సర్వీసులో శుభ్రం చేయించండి. కొత్త బండికి సీటు కవర్లు కుట్టించేటప్పుడు ఆ జాలీని మూసేయవద్దని కుట్టేవాడికి చెప్పి, పని అయ్యాక మీరే చెయ్యి పెట్టి చూసుకోండి.