ట్రయల్ కోసం ఊరు దాటాల్సిందేనా? పాత గొడవకు అసలు మలుపు

క్యాన్సర్ క్లినికల్ ట్రయల్‌ను, అంటే కొత్త చికిత్సను రోగుల మీద పరీక్షించే పరిశోధనను, రోగి ఊళ్లోనే నడపొచ్చా అన్న వాదన అమెరికాలో మళ్లీ రాజుకుంది. భద్రత, నాణ్యత కోసం ట్రయల్ తమ దగ్గరే జరగాలనే పెద్ద క్యాన్సర్ సెంటర్లు ఒకవైపు, తామూ నడపగలమనే చిన్న ఊళ్ల ఆంకాలజిస్టులు (క్యాన్సర్ డాక్టర్లు) ఇంకోవైపు.

అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ నేషనల్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ (ఎన్‌సీఐ) 1983లో సీసీఓపీ అనే పథకం పెట్టింది. రోగుల్లో ఎక్కువ మంది వైద్యం చేయించుకునేది ఇంటి దగ్గర ఆసుపత్రిలోనే కాబట్టి ట్రయల్‌ని కూడా అక్కడికే పంపాలన్నది ఆలోచన. రోగుల్ని చేర్చే పని ఊరి డాక్టర్లది, నర్సుకీ రికార్డులు రాసే మనిషికీ అయ్యే ఖర్చుకు సాయం ప్రభుత్వానిది. వాళ్లకు ఇది చేతనవుతుందా అన్న అనుమానాలు అప్పుడూ ఉన్నాయి. టామోక్సిఫెన్ అనే మందు రొమ్ము క్యాన్సర్‌ను రాకుండా ఆపుతుందా అని చూసేందుకు 1992లో మొదలైన ట్రయల్‌లో 13 వేలకు పైగా మహిళలు చేరారు, అందులో ఈ ఆసుపత్రుల వాటా తక్కువేమీ కాదు. ముప్పున్న మహిళల్లో ఈ మందుతో రొమ్ము క్యాన్సర్ దాదాపు సగానికి తగ్గుతుందని 1998లో తేలింది. అనుమానాలకు జవాబు అక్కడే దొరికింది.

మరి తర్వాత ఏం చెడింది? జన్యు మార్పును బట్టి మందు ఇచ్చే కాలం రావడమే అసలు మలుపని నా లెక్క. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే నాన్-స్మాల్ సెల్ రకాన్నే తీసుకోండి. ఏఎల్‌కే అనే జన్యువులో మార్పు నూటికి నలుగురైదుగురిలో కనిపిస్తుంది, ఆర్ఓఎస్1 అయితే ఒకరిద్దరిలో. అలాంటి అరుదైన మార్పుకు ఇచ్చే మందు మీద ట్రయల్ తెరవాలంటే చిన్న ఆసుపత్రి కంపెనీతో ఒప్పందం రాసుకోవాలి, ఎథిక్స్ కమిటీ అనుమతి తెచ్చుకోవాలి, ఫార్మసీలో మందుకు విడిగా చోటు చూపాలి, సిబ్బందికి ట్రైనింగ్ ఇప్పించాలి. నెలల తరబడి ఈ తతంగమంతా నడిపాక ఒక్క రోగీ రాకపోవచ్చు. కంపెనీలు కూడా రోగులు గుంపుగా వచ్చే చోటే ట్రయల్ పెట్టుకున్నాయి. ఊరి డాక్టర్‌ని పక్కన పెట్టింది ఈ లెక్కే. ఇవాళ భద్రత, నాణ్యత అని మాట్లాడేవాళ్లు ఈ సంగతి మాత్రం ఎత్తరు.

దీనికి విరుగుడు లేదా అంటే, 2015లోనే ఒకటి కనిపించింది. కణితిలోని జన్యు మార్పును బట్టి మందు ఎంచే ఎన్‌సీఐ-మ్యాచ్ ట్రయల్‌ను వెయ్యికి పైగా చోట్ల తెరిచారు. పరీక్ష కోసం రోగి బదులు కణితి ముక్క ల్యాబ్‌కు ప్రయాణం చేసింది. రెండేళ్లలోపే దాదాపు 6 వేల మందికి జన్యు పరీక్షలు జరిగాయి. అంతకు ముందు ఏడాదే సీసీఓపీ, దాని తోటి పథకాలు కలిసి ఎన్‌కార్ప్ అనే ఒకే పథకం అయ్యాయి. కంపెనీల సొంత ట్రయల్స్ మాత్రం చాలావరకు పాత దారిలోనే సాగాయి.

ఆ పాత దారి ఎలా ఉండేదంటే, ఇంట్లో మింగే మాత్రలకైనా ట్రయల్ సెంటర్ ఫార్మసీకే వెళ్లాలి. మిగిలిన మాత్రలతో సీసా వెనక్కి తేవాలి, లెక్కపెడతారు. వీధి చివర ల్యాబ్‌లో తీసిన రక్తం పనికిరాదు, మళ్లీ సెంటర్‌లోనే ఇవ్వాలి. 2020 మార్చిలో కోవిడ్ వచ్చి అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సడలింపులిచ్చేసరికి మాత్రలు కొరియర్‌లో ఇంటికొచ్చాయి, సంతకాలు ఫోన్ తెర మీద జరిగిపోయాయి, దగ్గర్లోని ల్యాబ్ రిపోర్టులూ చెల్లాయి.

సెంటర్ల మాటలోనూ నిజం లేకపోలేదు. రోగి రోగనిరోధక కణాల్నే మార్చి తిరిగి ఎక్కించే సీఏఆర్-టీ లాంటి చికిత్సల్లో, మనుషులకు తొలిసారి ఇచ్చే డోసుల్లో పరిస్థితి గంటల్లో విషమించవచ్చు, ఐసీయూ పక్కనే ఉండాలి. కానీ ట్రయల్స్ అన్నీ ఆ కోవలోవి కావు కదా.

2019లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం, 56 శాతం మంది రోగులకు తాము వెళ్లే ఆసుపత్రిలో సరిపోయే ట్రయలే లేదు. చేరింది 8 శాతం. రోగులు ఇష్టపడరన్న మాట కూడా నిలవదు: అడిగితే సగానికి పైగా ఒప్పుకుంటున్నారని అదే బృందం తర్వాతి పరిశీలన చెప్పింది.

ట్రయల్ పనులు సెంటర్ బయట జరపడంపై 2024 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ తుది గైడెన్స్ ఇచ్చింది. మామూలు వైద్యంలో భాగంగా చేసే పరీక్షలే ట్రయల్ కోసం చేసే ఊరి డాక్టర్‌ను పరిశోధకుల జాబితాలో చేర్చనక్కర్లేదని, పర్యవేక్షణ బాధ్యత మాత్రం ప్రధాన పరిశోధకుడిదేనని తేల్చింది. గొడవంతా ఆ రెండో ముక్క మీదే. కళ్లెదుట లేని మనిషి పనికి నేనెలా పూచీ పడతానని సెంటర్ డాక్టర్ అడుగుతున్నాడు. 1983 నుంచీ పూచీ పడుతూనే ఉన్నాం కదా అంటున్నాడు ఊరి డాక్టర్. గైడెన్స్ చట్టం కాదు, సిఫారసు మాత్రమే. ట్రయల్ ఎలా నడవాలో చెప్పే ప్రోటోకాల్ రాసేది కంపెనీలే కాబట్టి, ఊరి డాక్టర్‌కు అందులో చోటివ్వాలా వద్దా అన్నదీ ఇప్పటికి వాటి చేతుల్లోనే ఉంది.