కోవిడ్ కాలంలో తల గాయాలు: అపోహలు - వాస్తవాలు

కోవిడ్ రోజుల ప్రస్తావన వచ్చినప్పుడల్లా నాకు ఎదురయ్యే మాట ఒకటుంది. "రోడ్ల మీద బండ్లే లేవుగా, మీ న్యూరోసర్జరీ వాళ్లకి అప్పుడు పని తగ్గి ఉంటుందే!" అంటారు. అనేవాళ్లలో డాక్టర్లూ ఉన్నారు. కేసుల సంఖ్య చూస్తే ఆ మాట కొంత నిజమే. కానీ వచ్చే మనుషులు మారారు, వచ్చే సమయం మారింది, దెబ్బ తగిలే తీరు మారింది. అది అర్థం కావాలంటే ఆస్పత్రికి ఎంతమంది వచ్చారన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎవరు రాకుండా ఉండిపోయారో కూడా చూడాలి. నేను తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: లాక్‌డౌన్‌లో తల గాయాలు తగ్గిపోయాయి.

వాస్తవం: తగ్గింది ఆస్పత్రికి వచ్చిన తల గాయాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్చి 11న కోవిడ్‌ను మహమ్మారి అని ప్రకటించాక, లాక్‌డౌన్ పెట్టిన చాలా దేశాల్లో హెడ్ ఇంజురీ కేసులు ఒక్కసారిగా పడిపోయాయి. అయితే ఆ తగ్గుదల అంతటా ఒకేలా లేదు. చాలాచోట్ల బాగా తగ్గినవి చిన్న గాయాలు, అంటే గ్లాస్గో కోమా స్కేలు మీద 13 నుంచి 15 మధ్య ఉండేవి. ఆ స్కేలు 1974 నుంచి వాడుకలో ఉంది. 15 అంటే పూర్తి స్పృహ, 8 లేదా అంతకన్నా తక్కువ అంటే తీవ్రమైన గాయం. తల బొప్పి కట్టినవాళ్లు, ఒకసారి వాంతి చేసుకున్నవాళ్లు "అక్కడికి వెళ్తే లేని జబ్బు అంటుకుంటుంది" అని ఇంట్లోనే ఉండిపోయారు. తప్పనిసరై వచ్చినవాళ్ల పరిస్థితి సగటున ఎక్కువ తీవ్రంగా కనిపించింది.

మరి మరణాలో? అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సి.డి.సి. లెక్కల ప్రకారం మెదడు గాయాల సంబంధిత మరణాలు 2019లో 60,600 దాకా ఉంటే, 2020లో 64 వేలు దాటాయి, 2021లో 69 వేలు దాటాయి. ఈ అంకెల్ని యథాతథంగా మరో దేశానికి అంటగట్టకూడదు. అక్కడి మెదడు గాయాల మరణాల్లో తుపాకీ ఆత్మహత్యల వాటా చాలా పెద్దది. పైగా 2020లో తుపాకీ హత్యలు కూడా పెరిగాయి. అయినా క్యాజువాలిటీ ఖాళీగా ఉంది కాబట్టి జనం క్షేమంగా ఉన్నారు అనుకునేవాళ్లకు ఈ లెక్క చూపిస్తుంటాను.

అపోహ: ట్రాఫిక్ సగమైతే ప్రమాదాలూ సగమవుతాయి.

వాస్తవం: మళ్లీ అమెరికానే తీసుకోండి. 2020లో అక్కడ వాహనాలు తిరిగిన మొత్తం దూరం పది శాతానికి పైగా తగ్గింది. రోడ్డు మరణాలు మాత్రం 36 వేల చిల్లర నుంచి దాదాపు 39 వేలకు పెరిగాయి. ఖాళీ రోడ్డు చూస్తే యాక్సిలరేటర్ మీద కాలు బరువెక్కుతుంది. వేగం, సీటు బెల్టు పెట్టుకోకపోవడం, తాగి నడపడం, ఈ మూడూ ఆ ఏడాది అక్కడ మరణాల్లో బాగా కనిపించాయి.

వేగం గురించి ఒక్క మాట. గంటకు 50 కిలోమీటర్లు కాస్తా 70 అయితే పెరిగింది 40 శాతమే అనిపిస్తుంది. కానీ ఢీకొన్నప్పుడు విడుదలయ్యే శక్తి దాదాపు రెట్టింపు. అంత వేగంలో తల ఒక్కసారిగా ఆగినా, మెలి తిరిగినా మెదడు లోపలి నరాల పోగులు సాగి తెగిపోతాయి. ఇలాంటి గాయంలో మొదటి సీటీ స్కాన్ దాదాపు నార్మల్‌గా ఉండొచ్చు, పేషెంటు మాత్రం కళ్లు తెరవడు. "స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదండీ, మరి లేవడం లేదేంటి?" అని అడిగే తల్లిదండ్రులకు దీన్ని వివరించడం ఎప్పుడూ కష్టమే.

అపోహ: ఇంట్లో ఉన్నవాళ్లు సేఫ్.

వాస్తవం: దీనికి ఎదురు అపోహ కూడా ఉంది: "లాక్‌డౌన్‌లో ఇంట్లో పడిపోవడాలు విపరీతంగా పెరిగాయి" అని. రెండూ సరికాదు. ఊరికే ఒక లెక్క వేద్దాం. మామూలు నెలలో వంద తల గాయాలు వస్తే అందులో 60 రోడ్డువి, 30 పడిపోయినవి, 10 మిగతావి అనుకోండి. లాక్‌డౌన్ నెలలో రోడ్డువి 20కి, మిగతావి 5కి తగ్గి, పడిపోయినవి 30 దగ్గరే ఉన్నాయనుకోండి. మొత్తం 55. పడిపోయినవాళ్ల వాటా 30 శాతం నుంచి 55 శాతానికి ఎగబాకింది, మనుషులు మాత్రం ఒక్కరు కూడా పెరగలేదు. చాలా దేశాల నివేదికల్లో జరిగింది ఇలాంటిదే. హెడ్‌లైన్ రాసేవాళ్లు వాటాను సంఖ్యగా చదివేస్తారు, అక్కడొస్తుంది చిక్కు.

వాటా పెరిగినందువల్ల వార్డు రూపం మాత్రం నిజంగానే మారింది. పేషెంట్ల సగటు వయసు పెరిగింది. కుర్రవాళ్ల హెల్మెట్ లేని గాయాల స్థానంలో పెద్దవాళ్ల బాత్రూం గాయాలు వచ్చాయి.

అపోహ: కోవిడ్ వచ్చి తగ్గిన పెద్దవాళ్లలో మగత, మతిమరుపు ఉంటే అది నీరసమే.

వాస్తవం: ఈ ఒక్కదాని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఇది పట్టుకుంటే నయమయ్యేది, పట్టుకోకపోతే ప్రాణం తీసేది.

వయసు పైబడ్డాక మెదడు కొంచెం కుంచించుకుపోతుంది. మెదడుకూ పుర్రెకూ మధ్య ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీ మీదుగా వెళ్లే సన్నటి సిరలు సాగి, బిగుసుకుని ఉంటాయి. కాలు జారి తల గోడకు తగిలితే చాలు, వాటిలో ఒకటి చిట్లుతుంది. రక్తం ఒక్కసారిగా పొంగదు, మెల్లగా చేరుతుంది. ఆ రోజు ఏమీ తెలియదు. రెండు మూడు వారాల తర్వాతో, ఇంకా ఆలస్యంగానో తలనొప్పి, మగత, నడకలో తూలు మొదలవుతాయి. దీన్ని మేం క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా అంటాం.

ఇప్పుడు దీనికి కోవిడ్‌ను కలపండి. రోజుల తరబడి మంచం మీద ఉండటంతో కాళ్లలో పట్టు పోతుంది. లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. రక్తం గడ్డకట్టకుండా మందులు వాడుతుంటారు, కాబట్టి చిన్న చిట్లుడు కూడా త్వరగా ఆగదు. వీటన్నిటి పైన, ఏ లక్షణం కనిపించినా "కోవిడ్ తర్వాత అంతేలే" అనే సమాధానం సిద్ధంగా ఉంటుంది.

ఆ రోజుల్లో ఫోన్ కన్సల్టేషన్లు ఎక్కువ. ఒకావిడ తండ్రి గురించి చెబుతున్నారు.

"డాక్టర్ గారూ, నాన్నగారికి నెగెటివ్ వచ్చి చాలా రోజులైందండీ. అయినా నీరసం పోలేదు. రోజంతా పడుకునే ఉంటున్నారు."

"నడకలో ఏమైనా తేడా ఉందామ్మా?"

"ఎడమకాలి చెప్పు మాటిమాటికీ ఊడిపోతోందండీ. ఊడిన సంగతి ఆయనకు తెలియడం లేదు. వదులైపోయాయేమోనని కొత్తవి తెప్పించాం."

చెప్పు ఊడిపోయినా తెలియకపోవడం మాకు పాఠం లాంటి గుర్తు: ఆ కాలి పట్టు తగ్గుతోంది, మెదడు రెండో వైపున ఏదో నొక్కుతోంది. వెంటనే సీటీ తీయించమన్నాను. కుడివైపు నెలవంక ఆకారంలో రక్తం పేరుకుని ఉంది. ఎప్పుడైనా పడ్డారా అని మళ్లీ మళ్లీ అడిగితే, మంచం దిగుతూ తూలి పడ్డారనీ, దెబ్బేమీ తగల్లేదు కాబట్టి ఎవరికీ చెప్పలేదనీ అప్పుడు గుర్తుచేసుకున్నారు. పుర్రెకు రెండు చిన్న రంధ్రాలు పెట్టగానే ఇంజిన్ ఆయిల్ లాంటి నల్లటి ద్రవం బయటికొచ్చింది. మర్నాటికి ఆయన కాలు నేలమీద గట్టిగా ఆనింది.

అందుకే 65 దాటినవాళ్లకు, రక్తం పలచబరిచే మందులు వాడుతున్నవాళ్లకు తల తగిలితే, పైకి బాగానే ఉన్నా డాక్టరుకు చూపించి సీటీ సంగతి అడగండి. పడి కొన్ని వారాలైనా సరే, ఆ మాట తప్పకుండా చెప్పండి.

అపోహ: పిల్లలు ఇంటిపట్టున ఉన్నారు, వాళ్లకు గాయాలు లేవు.

వాస్తవం: స్కూళ్లు, మైదానాలు మూతపడ్డాయి కాబట్టి ఆటల్లో తగిలే కంకషన్లు (తల అదిరి కాసేపు మెదడు పనితీరు దెబ్బతినే చిన్న గాయాలు) బాగా తగ్గాయి. అసలు ప్రశ్న అది కాదు. నెలల వయసు పసివాళ్లను విసుగులో గట్టిగా కుదిపేయడం వల్ల మెదడు చుట్టూ, కంటి రెటీనాలో రక్తస్రావం అవుతుంది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆస్పత్రి 2020లో ఒక లెక్క చెప్పింది. మార్చి 23 నుంచి ఏప్రిల్ 23 దాకా ఇలాంటి అనుమానంతో వచ్చిన పిల్లలు 10 మంది. అంతకుముందు మూడేళ్లలో ఇదే కాలానికి సగటు ఒకటి కన్నా తక్కువ. శాతాల్లో చెబితే 1,493 శాతం పెరుగుదల! అంకె గుండె ఆగేలా ఉంది, కానీ పునాది చాలా చిన్నది. తర్వాత అమెరికాలోని చాలా పిల్లల ఆస్పత్రుల లెక్కలు కలిపి చూస్తే అక్కడ ఇలాంటి కేసులు తగ్గినట్టు తేలింది. నిజంగా తగ్గాయా, ఆస్పత్రి దాకా రాలేదా? పిల్లల ఒంటి మీద కమిలిన మచ్చను మొదట గమనించేది చాలాసార్లు టీచర్లు, బంధువులు, టీకాలు వేసే నర్సులు. వాళ్లెవరూ పిల్లల్ని చూడని నెలలు అవి. నా మట్టుకు నాకు ఆ తగ్గుదల మీద పెద్ద నమ్మకం లేదు.

అపోహ: గాయాలు తగ్గడానికి కారణం కర్ఫ్యూ ఒక్కటే.

వాస్తవం: దక్షిణాఫ్రికాను చూడండి. 2020 మార్చి 27న లాక్‌డౌన్‌తో పాటే మద్యం అమ్మకాలు ఆపేశారు. ట్రామా వార్డులు, అంటే గాయాల వార్డులు, చాలావరకు ఖాళీ అయ్యాయి. జూన్ 1న అమ్మకాలకు అనుమతిచ్చారు, గాయాలు మళ్లీ పోటెత్తాయి. జూలై 12న మళ్లీ నిషేధించారు, మళ్లీ తగ్గాయి. కర్ఫ్యూ ప్రభావం కూడా ఇందులో కలిసి ఉంది కాబట్టి మొత్తం పుణ్యం నిషేధానికే కట్టబెట్టలేం. అయినా ట్రామాలో పనిచేసేవాళ్లకు ఇంత స్పష్టమైన పాఠం అరుదుగా దొరుకుతుంది.

అపోహ: కోవిడ్ రిపోర్టు వచ్చేదాకా తల ఆపరేషన్లు ఆపేశారు.

వాస్తవం: ప్రాణాపాయం ఉన్న కేసుల్లో పాటించిన పద్ధతి వేరు. పుర్రె కింద రక్తం పేరుకుని ఒక కనుపాప పెద్దదవుతుంటే, అంటే మెదడు మీద ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంటే, రిపోర్టు కోసం కూర్చోవడం కుదరదు. పాజిటివ్ అనే అనుకుని, పీపీఈ వేసుకుని థియేటర్లోకి వెళ్లాలి. ఆలస్యం వేరేచోట జరిగింది: అంబులెన్సు దొరకడంలో, ఒక పేషెంటు తర్వాత సీటీ గదిని శుభ్రం చేయడంలో, ఐసీయూ బెడ్ వెతకడంలో. వాయిదా వేసినవి ఆగగలిగిన ఆపరేషన్లు. దానికీ కారణం ఉంది. 24 దేశాల్లో ఏదో ఒక ఆపరేషన్ జరిగి, దానికి కాస్త ముందో తర్వాతో కోవిడ్ ఉన్నట్టు తేలిన 1,128 మందిని 2020లో పరిశీలిస్తే, 30 రోజుల్లో దాదాపు నాలుగో వంతు మంది చనిపోయారు.

అపోహ: ఆపరేషన్ సక్సెస్ అయితే ఇక కోవిడ్ ప్రభావం ఏముంటుంది?

వాస్తవం: తల గాయం నుంచి తేరుకునేవాళ్లు కొన్నాళ్లు అయోమయంలో ఉంటారు, ట్యూబులు పీకేస్తారు, అరుస్తారు. తెలిసిన గొంతు వినిపిస్తే సగం నెమ్మదిస్తారు. సందర్శకులు రాకూడదన్న నిబంధన ఆ గొంతును దూరం చేసింది. చుట్టూ ఉన్నవాళ్లందరికీ మాస్కులే, ముఖం కనిపించదు. సిస్టర్లు చెవి దగ్గర ఫోన్ స్పీకర్ పెట్టి ఇంట్లోవాళ్లతో మాట్లాడించేవారు. ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ ఆగిపోయిన నెలల నష్టం ఇంకా పెద్దది. తొలి నెలల్లో జరగాల్సిన అభ్యాసం తర్వాత చేస్తే అంత ఫలితం ఇవ్వదు.

అపోహ: వాసన తెలియడం లేదంటే కోవిడే.

వాస్తవం: ముక్కు పైభాగంలో జల్లెడలా రంధ్రాలున్న పలుచటి ఎముక గుండా వాసన నరాల పోగులు మెదడుకు చేరతాయి. తల వెనక గట్టిగా తగిలినప్పుడు మెదడు ముందుకు జరిగి ఆ పోగులు తెగిపోవచ్చు. మహమ్మారి రోజుల్లో పడిపోయి వచ్చిన మనిషి "వాసన రావడం లేదు" అంటే ఐసొలేషన్ వార్డు వైపు చూపించడం సహజమే, కానీ తలకు దెబ్బ తగిలిందా అని కూడా అడగాలి. ముక్కులోంచి నీళ్లలా ఏదైనా కారుతోందా అనీ అడగాలి. అది జలుబు కాకుండా మెదడు చుట్టూ ఉండే ద్రవం అయితే, మెనింజైటిస్ (మెదడు పొరలకు ఇన్ఫెక్షన్) వచ్చే ప్రమాదం ఉంది. ముందుకు వంగినప్పుడు ఒకే ముక్కు రంధ్రం నుంచి, చిక్కదనం లేకుండా, చుక్కలు చుక్కలుగా పడుతుంటే ముక్కు చీదకుండా నేరుగా న్యూరోసర్జన్ దగ్గరికి రావాలి.