ప్లగ్గు పెట్టగానే టప్పుమంటే ఎస్‌ఎంపీఎస్ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్ రిపేర్లు చేస్తుంటాను. ఎస్‌ఎంపీఎస్ అంటే ఇంటి కరెంటును కంప్యూటర్ భాగాలకు సరిపడేలా మార్చి ఇచ్చే పెట్టె. "అన్నా, ప్లగ్గు పెట్టగానే టప్పుమని రవ్వ వచ్చింది, ఎస్‌ఎంపీఎస్ పోయిందా?" అని టెన్షన్ పడుతూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తూనే ఉంటారు. నేను ముందు అడిగేది ఒక్కటే: శబ్దం ఒక్కసారి వచ్చి ఆగిపోయిందా, వస్తూనే ఉందా?

అపోహ: రవ్వ వచ్చిందంటే లోపల షార్ట్ అయినట్టే.

వాస్తవం: చాలాసార్లు కాదు. ఎస్‌ఎంపీఎస్ లోపల, కరెంటు వచ్చే వైపున, బొటనవేలి కన్నా లావుగా ఒక కెపాసిటర్, అంటే కరెంటును నింపి ఉంచుకునే డబ్బా లాంటిది, ఉంటుంది. ప్లగ్గు పెట్టకముందు అది ఖాళీగా ఉంటుంది. మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులని అంటాం గానీ, ప్రతి అలలోనూ అది 325 దాకా లేచి దిగుతుంది. అంత వోల్టేజీ తగలగానే ఆ కెపాసిటర్ ఒక్క గుక్కలో నిండాలని చూస్తుంది. ఆ ఉరవడిని ఆపడానికే ఎన్‌టీసీ అనే చిన్న బిళ్ళ పెడతారు. చల్లగా ఉన్నప్పుడు దాని నిరోధం 5 ఓమ్‌లు అనుకుందాం. లెక్క ప్రకారం మొదటి క్షణంలో 65 ఆంపియర్ల దాకా పోవచ్చు. అదంతా కొన్ని మిల్లీసెకన్ల పనే. సరిగ్గా అప్పుడే ప్లగ్గు పిన్ను సాకెట్లోని ఇత్తడి రేకును తాకీ తాకనట్టు ఉంటుంది కాబట్టి ఆ సందులో రవ్వ లేస్తుంది.

ఒకరోజు వచ్చి ఇంకోరోజు రాకపోవడానికీ కారణం ఉంది. పిన్ను తగిలిన క్షణంలో అల పైన ఉంటే టప్పుమంటుంది, సున్నా దగ్గర ఉంటే చప్పుడే ఉండదు.

షాపులో నేను దీన్ని రోజూ కళ్ళారా చూస్తాను. అనుమానం ఉన్న ఎస్‌ఎంపీఎస్‌కి 100 వాట్ల పాతకాలపు ఫిలమెంట్ బల్బును సిరీస్‌లో కలిపి కరెంటు ఇస్తాం. ఎస్‌ఎంపీఎస్ బాగుంటే బల్బు ఒక్కసారి భగ్గున వెలిగి తగ్గిపోతుంది. ఆ వెలుగు కెపాసిటర్ నిండుతున్న వెలుగు. షార్ట్ అయి ఉంటే బల్బు నిండుగా వెలుగుతూనే ఉంటుంది. ఇది ఇంట్లో చేసి చూడకండి. ప్లగ్గు తీశాక కూడా ఆ కెపాసిటర్లో ప్రమాదకరమైన వోల్టేజీ మిగిలి ఉండొచ్చు.

రవ్వ వద్దనుకుంటే బోర్డు మీది స్విచ్చు ఆపి ప్లగ్గు పూర్తిగా లోపలికి నొక్కండి, ఆ తర్వాతే స్విచ్చు వేయండి. రవ్వను తట్టుకునేలా చేసింది స్విచ్చునే, ప్లగ్గు పిన్నును కాదు.

అపోహ: రవ్వ వచ్చింది కాబట్టి వెంటనే తీసి మళ్ళీ పెట్టి చూడాలి.

వాస్తవం: పనిచేస్తున్న పీసీ విషయంలో ఇది మంచిది కాదు. ఎన్‌టీసీ వేడెక్కితే దాని నిరోధం బాగా పడిపోతుంది. కెపాసిటర్ ఖాళీ అయి, బిళ్ళ ఇంకా వేడిగా ఉండగా ప్లగ్గు పెడితే ఆపేది ఏమీ ఉండదు, రవ్వ ఇంకా పెద్దగా వస్తుంది. రెండు మూడు నిమిషాలు ఆగండి. కొన్ని మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో ఆన్ చేశాక లోపలి నుంచి టిక్ అని వినిపిస్తుంది. అది రిలే, అంటే లోపల దానంతట అదే పడే స్విచ్చు, భయం లేదు.

అపోహ: వెనక ఉన్న ఎర్ర స్విచ్చు ఎటున్నా ఫరవాలేదు.

వాస్తవం: పాత ఎస్‌ఎంపీఎస్‌లకు 115/230 అని ఎర్ర స్విచ్చు ఉంటుంది. 115 మీద ఉంచి మన కరెంటు ఇస్తే లోపల వోల్టేజీ రెట్టింపై కెపాసిటర్లు పేలిపోతాయి. వాడిన సరుకు కొన్నప్పుడు ముందు అది చూడండి.

అపోహ: "ఆ చిటపట ఎప్పుడూ ఉండేదే, పీసీ బాగానే నడుస్తోంది కదా!"

వాస్తవం: నాకు నిజంగా భయం వేసేది ఈ మాట వింటేనే. ప్లగ్గు పెట్టాక కూడా చిటపట, జివ్వుమనే మోత ఆగకపోతే, తప్పు దాదాపు ఎప్పుడూ లూజ్ కాంటాక్ట్‌దే. రేకు పట్టు వదిలేస్తే పిన్నుకూ దానికీ మధ్య ఆగకుండా రవ్వలు లేస్తాయి. ఆ చోటు కాలుతుంది, కాలిన చోట పట్టు ఇంకా తగ్గుతుంది. ఇళ్ళు అంటుకునేది ఇలాంటి చోటే.

ఒక ఇంటికి పీసీ తనంతట తానే ఆగిపోతోందని పిలిస్తే వెళ్ళాను. టేబుల్ కిందికి వంగగానే కాలిన ప్లాస్టిక్ వాసన కొట్టింది. ఎంసీబీ దించి ప్లగ్గు లాగితే చేతికి వేడిగా తగిలింది. ఒక పిన్ను నల్లబడి గుంటలు పడింది, సాకెట్ రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ. ఆ ఇంటి పెద్దాయన అప్పటికే కొత్త ఎస్‌ఎంపీఎస్ కొనడానికి డబ్బు తీసి పెట్టుకున్నారు. వద్దని చెప్పి, ఎలక్ట్రీషియన్‌తో సాకెట్ మార్పించాం. పవర్ కార్డు కూడా కొత్తదే వేశాను, ఎందుకంటే కాలిన పిన్ను కొత్త రేకును కూడా పాడుచేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ మాత్రం పాతదే, ఇప్పటికీ నడుస్తోంది.