రాత్రి పదైనా దిగని ఎండ

మే నెలలో విజయనగరంలో రాత్రి పదింటికి చాప చంకన పెట్టుకుని మేడెక్కి చూడండి. పొద్దుగూకి మూడు గంటలు దాటినా శ్లాబు అరికాళ్ళకి చురుక్కుమంటుంది. కుళాయి తిప్పితే ట్యాంకులోంచి వేణ్ణీళ్ళే. రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయనేవారు. ఇప్పుడు రోళ్ళెక్కడివి, అన్నీ శ్లాబులే.

పగలంతా మింగిన ఎండని కాంక్రీటూ తారురోడ్డూ రాత్రి మెల్లగా కక్కుతాయి. పెంకుటింట్లో వేడిగాలి పెంకుల సందుల్లోంచి పైకి పోయేది. ఇప్పుడు ఇంటికీ ఇంటికీ మధ్య మూడడుగులు వదలడమే గగనం. ఆ సందులోకే పక్కింటి ఏసీ ఊదుతుంది. గదిలో వేడిని బయటికి తోడి, తాను తిన్న కరెంటు వేడిని కూడా దానికి కలిపి మరీ పోస్తుంది.

రెంటచింతలలో 45 డిగ్రీలంటే అమ్మో అంటాం, మన దగ్గర 37 అంటే పర్లేదులే అనుకుంటాం. అక్కడే పొరపాటు. వాతావరణ శాఖ వడగాడ్పు లెక్కలోకి తీసుకోడానికి మైదానాల్లో కనీసం 40 డిగ్రీలుండాలి, తీరంలో 37 చాలు. సాధారణంగా రెండుచోట్లా అది మామూలు కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువుండాలి. తీరానికి హద్దు తగ్గించడం ఊరికే కాదు, ఇక్కడ ఉక్కపోత ఉంది.

ఊరికే కూర్చున్న మనిషి ఒళ్ళు కూడా వంద క్యాండిల్ బల్బంత వేడి పుట్టిస్తుంది. బయట గాలి చర్మమంత వేడెక్కితే ఆ వేడి పోయే దారి చెమటొక్కటే. గంటకి చిన్న గ్లాసెడు చెమట ఆవిరవ్వాలి. కారితే లాభం లేదు, ఆవిరవ్వాలి. గాలిలో అప్పటికే తేమ నిండితే చొక్కా తడుస్తుంది గానీ ఒళ్ళు చల్లబడదు.

దీన్ని కొలిచేది తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు. అది 35 చూపిస్తే నీడలో కూర్చున్న ఆరోగ్యవంతుడు కూడా కొన్ని గంటలకు మించి బతకడం కష్టమని సిద్ధాంతం. కుర్రాళ్ళ మీద చేసిన ప్రయోగాల్లో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పింది. ఇక ముసలాళ్ళ సంగతేమిటి, శ్లాబు పోసే కూలీల సంగతేమిటి?

చర్మానికి రక్తం తోలడానికి గుండె పగలంతా అదనంగా కొట్టుకుంటుంది. రాత్రి చల్లబడితే దానికి కాస్త తెరిపి. రేకుల గదిలో ఫ్యాను కింద పడుకున్న బామ్మకి ఆ తెరిపి దొరకదు, తెల్లారి మళ్ళీ ఎండే. 2015 మే ఎండల్లో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా పోయారు.

మా మేడ మీద కిందటేడు సున్నం కొట్టించాం. తెలుపు ఎండని చాలామట్టుకు తిప్పికొడుతుంది, ఖర్చూ తక్కువే. పక్కింటాయన “ఏటండీ, పెళ్ళేమైనా ఉందా?” అన్నాడు. ఈ ఏడు తొమ్మిదికే చాప పరుస్తున్నాం.