వారెంటు లేని అరెస్టు: కారణం ఏ భాషలో చెప్పాలి?

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచలోనూ, ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ పట్టణాల్లోనూ తెలుగే ఇంటిభాషగా గల కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. అక్కడి ఠాణాల్లో కాగితాలు మరాఠీలోనో ఒడియాలోనో నడుస్తాయి. అందువల్ల వారెంటు లేకుండా అరెస్టయిన మనిషికి కారణం తెలుసుకునే హక్కు ఎంతవరకు అక్కరకొస్తుందన్నది ఈ ప్రాంతాల్లో భాషను బట్టే తేలుతుంది.

పర్లాకిమిడి 1936 వరకు మద్రాసు రాజధానిలో (ప్రెసిడెన్సీలో) ఉండేది. అప్పటి 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, 54వ సెక్షన్ కింద, సహేతుకమైన అనుమానం ఉంటే చాలు, కాగ్నిజబుల్ నేరాల్లో (కోర్టు అనుమతి లేకుండా పోలీసులే దర్యాప్తు మొదలుపెట్టగల నేరాల్లో) వారెంటు లేకుండా అరెస్టు చేసే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. అరెస్టయినవారిని మేజిస్ట్రేటు ముందుకు తేవడానికి ఇరవై నాలుగు గంటల గడువు అందులోనూ ఉంది. ఎందుకు పట్టుకున్నారో చెప్పి తీరాలన్న నియమం మాత్రం లేదు. ఆ లోటును 1950లో రాజ్యాంగం 22వ అధికరణం పూరించగా, 1973 నాటి కోడ్ 50వ సెక్షన్‌లో దాన్ని స్పష్టంగా రాసుకుంది.

అధికారం ఉన్నంత మాత్రాన అరెస్టు అవసరమైపోదని సుప్రీంకోర్టు 1994లో జోగీందర్ కుమార్ కేసులో చెప్పింది. అరెస్టు మెమో (అరెస్టు వివరాల పత్రం), దానిపై సాక్షి సంతకం, బంధువులకు కబురు 1996 నాటి డి.కె.బసు తీర్పుతో తప్పనిసరి అయ్యాయి. ఏడేళ్ల వరకు శిక్షపడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమైందో పోలీసులు రాసిపెట్టాలని, అవసరం లేనప్పుడు నోటీసుతో సరిపెట్టాలని 2010 నవంబరులో అమల్లోకి వచ్చిన సవరణ నిర్దేశించింది. 2014లో అర్నేష్ కుమార్ తీర్పు దానికి పదును పెట్టింది. 2024 జూలై 1 నుంచి ఇవే నిబంధనలు 1973 నాటి కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 35, 47 సెక్షన్లలో కొనసాగుతున్నాయి.

భాష విషయంలో దారి వేసింది నాగపూర్ నుంచి వచ్చిన హరికిషన్ కేసు. అది ముందస్తు నిర్బంధానికి (నేరం జరగకుండా ముందే అదుపులో ఉంచడానికి) సంబంధించినదే అయినా, ఇంగ్లీషు రాని మనిషికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి, ఒక పోలీసు అధికారి నోటిమాటగా వివరిస్తే సరిపోదని 1962లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మామూలు అరెస్టులకు ఈ రక్షణ స్పష్టంగా అందడానికి ఆరు దశాబ్దాలు పట్టడం బాధాకరం. 2025 నవంబరులో మిహిర్ రాజేష్ షా కేసులో, ఏ నేరమైనా సరే, అరెస్టు కారణాలను నిందితుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని కోర్టు చెప్పింది. వెంటనే రాసివ్వడం సాధ్యంకాని పరిస్థితిలో నోటితో చెప్పి, రిమాండు కోసం మేజిస్ట్రేటు ముందు హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందైనా కాగితం చేతికివ్వాలి. అలా ఇవ్వకపోతే అరెస్టూ, రిమాండూ చట్టవిరుద్ధమవుతాయి. మరాఠీ చదవలేని సిరొంచ తెలుగువాడు తనకు అర్థమయ్యే కాగితం అందలేదని చెప్పుకోవలసింది ఆ రిమాండు వేళనే.