కార్బ్యురేటర్ మార్చాక బండి మొరాయిస్తే: అపోహలు - వాస్తవాలు

సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి మీదుగా ఒడిశాలోని కోరాపుట్ జిల్లా సెమిలిగుడ చేరేసరికి ఏ కార్బ్యురేటర్ బండి అయినా గొంతు మారుస్తుంది. (కార్బ్యురేటర్ అంటే గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి అందించే భాగం.) ఆ గొంతు విని జబ్బు చెప్పడమే ఇరవై రెండేళ్లుగా నా పని. సాలూరులో లారీల దగ్గర పని నేర్చుకుని, తర్వాత ఘాట్ పైకి వచ్చి షెడ్డు పెట్టుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఆటోక్రాస్ (మట్టి ట్రాక్ మీద టైము చూసి ఆడే బండ్ల పోటీ) సరదా ఉన్న కుర్రాళ్లు. 1.3 లీటర్ల పాత మారుతి జిప్సీ కింగ్ కొంటారు, కంపెనీ కార్బ్యురేటర్ పీకేసి వెబర్ 32/36 అనే కార్బ్యురేటర్ బిగిస్తారు. మొదటి వారం ఆనందంగా ఉంటారు. రెండో వారం ఫోన్ వస్తుంది: “మావా, బండి లాగట్లేదు. జెట్లు మార్చీమంటావా?”

అప్పుడే వద్దు బాబూ అంటాను. (జెట్లంటే పెట్రోల్‌ని కొలిచి వదిలే రంధ్రాలున్న చిన్న ముక్కలు.) కార్బ్యురేటర్ మార్చాక వచ్చే జబ్బుల్లో ఎక్కువ భాగం కార్బ్యురేటర్ లోపల ఉండవు. దాని కింద ప్లేటులోనో, దానికి వచ్చే పైపులోనో, అది పీల్చే గాలిలోనో ఉంటాయి. ఇది నమ్మక, జెట్ల మీద జెట్లు కొని, చివరికి పోటీ రోజున బండి స్టార్ట్ కాక ఏడుపు మొహంతో నిలబడ్డవాళ్లను చూశాను. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: కాలు నొక్కగానే బండి గుటక పడిందంటే (ఒక్క క్షణం తడబడిందంటే) మెయిన్ జెట్ చిన్నదైపోయింది.

వాస్తవం: మెయిన్ జెట్ పని మొదలయ్యేది థ్రాటిల్ కొంత తెరుచుకుని, ఇంజిన్ బాగా గాలి లాగడం మొదలుపెట్టాక. కాలు నొక్కిన ఆ క్షణం స్లో (ఐడ్లింగ్) జెట్‌ది, అప్పటికప్పుడు పెట్రోల్ చిమ్మే యాక్సిలరేటర్ పంప్‌ది. ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ తీసి, లోపలికి చూస్తూ థ్రాటిల్ లాగండి. సన్నటి పెట్రోల్ ధార వెంటనే రావాలి. కాసేపాగి వచ్చినా, చుక్కలుగా పడినా పంప్ డయాఫ్రమ్ సంగతి చూడాలి. ధార బాగుంటే తర్వాతి అనుమానం ఎయిర్ లీక్, అంటే సందులోంచి గాలి దూరడం.

పోయిన వానాకాలం ఒక కుర్రాడు మూడు సైజుల మెయిన్ జెట్లు మార్చి, విసిగిపోయి నా దగ్గరికి తెచ్చాడు. ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి స్లో మీద పెట్టాను. కార్బ్యురేటర్ కింద అడాప్టర్ ప్లేటు చుట్టూ క్లీనర్ స్ప్రే కొద్దికొద్దిగా కొడుతూ వచ్చాను. మూడు మూలలా ఏమీ లేదు. ఫైర్‌వాల్ వైపు మూలకి రాగానే సందులోంచి స్ప్రే లోపలికి పోయి ఇంజిన్ వేగం ఒక్కసారి పెరిగి మళ్లీ సర్దుకుంది. విప్పి, స్టీలు స్కేలు ప్లేటు మీద నిలువుగా ఆనించి, వెనక టార్చి పెట్టాను. ఆ మూల వెంట్రుకంత వెలుగు గీత. బోల్టు బలమంతా పెట్టి బిగించడంతో ప్లేటు వంగిపోయింది. గాజు పలక మీద ఎమరీ పేపర్ పరిచి, ప్లేటును గుండ్రంగా తిప్పుతూ అరగంట రుద్దాం. కొత్త ప్యాకింగ్ వేసి, బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాం. కుర్రాడు తీసి పక్కన పెట్టిన మొదటి జెట్లనే మళ్లీ వేశాం. గుటక పోయింది. ఈ స్ప్రే పరీక్ష వేడి ఇంజిన్ మీద, ప్లగ్ వైర్లు చిట్లిన బండి మీద చేయకండి. చేతికందేంత దూరంలో ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ లేకుండా అసలు చేయకండి.

అపోహ: స్లో నిలబడకపోతే స్లో స్క్రూ తిప్పేస్తే సరి.

వాస్తవం: ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. వెబర్ 32/36లో స్లో పెంచే స్పీడ్ స్క్రూ థ్రాటిల్ లివర్‌కి తగిలిన దగ్గర్నుంచి ఒకటిన్నర చుట్టుకి మించి లోపలికి వెళ్లకూడదు. మించితే థ్రాటిల్ బిళ్ల జరిగి కాలు కొద్దిగా నొక్కినప్పుడు పెట్రోల్ వదలాల్సిన ప్రోగ్రెషన్ రంధ్రాలు ముందే తెరుచుకుంటాయి. ఇక స్లోలో పెట్రోల్ పాళ్లు మార్చే మిక్స్చర్ స్క్రూ ఎటు తిప్పినా బండి పట్టించుకోదు. సరైన పద్ధతి ఇది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కనివ్వాలి. మిక్స్చర్ స్క్రూని మెల్లగా అడుక్కి దింపి (గట్టిగా బిగిస్తే మొన పాడవుతుంది) రెండు చుట్లు బయటికి తీయాలి. స్టార్ట్ చేసి, ఇంజిన్ తడబడేదాకా లోపలికి తిప్పి, మళ్లీ నున్నగా తిరిగేదాకా బయటికి తేవాలి. అక్కడ ఆగి, అడుగు నుంచి ఎన్ని చుట్లు వచ్చిందో లెక్కపెట్టండి. రెండు చుట్ల దగ్గర ఉంటే స్లో జెట్ సరిపోయినట్టే. ఒకటిన్నరలోపే నున్నగా తిరుగుతుంటే స్లో జెట్ పెద్దది, రెండున్నర దాటాల్సి వస్తే చిన్నది. ఏ మీటరూ లేకుండా ఒక స్క్రూడ్రైవర్‌తో ఇంత కచ్చితంగా తెలిసే సంగతి బండిలో ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

అపోహ: కొండ పైన సెట్ చేసిన బండి కింద తీరంలో కూడా అలాగే పరుగెడుతుంది. పెట్రోల్ పెట్రోలే కదా.

వాస్తవం: మన ప్రాంతం వాళ్లకి అన్నిటికంటే నష్టం చేస్తున్న అపోహ ఇదే. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తు. ఇక్కడ గాలి సాంద్రత తీరంతో పోలిస్తే 8 శాతం దాకా తక్కువ. కార్బ్యురేటర్‌కి ఆ సంగతి తెలియదు. గాలి పల్చబడినంతగా పెట్రోల్ తగ్గించలేదు కాబట్టి మిశ్రమం 4 శాతం దాకా రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అవుతుంది. ఇది ఎప్పటినుంచో ఉన్నదే.

కొత్తగా వచ్చింది ఇథనాల్. 2023 ఫిబ్రవరిలో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) అమ్మకం మొదలైంది, 2025కల్లా దేశమంతా మామూలు పెట్రోల్ అదే అయింది. ఏమీ కలపని పెట్రోల్ పూర్తిగా కాలడానికి కిలోకి 14.7 కిలోల గాలి కావాలి. ఈ20కి దాదాపు 13.5 చాలు. అంటే పాత పెట్రోల్‌కి సరిపోయిన జెట్లతో ఈ20 పోస్తే బండి 8 శాతం దాకా లీన్‌గా (పెట్రోల్ చాలక) నడుస్తుంది.

ఇప్పుడు రెండూ కలిపి చూడండి. కొండ మీద ఎత్తు రిచ్ చేస్తుంది, ఇథనాల్ లీన్ చేస్తుంది. ఒకదాని తప్పు సగం ఇంకొకటి కప్పేస్తుంది. బండి పర్వాలేదనిపిస్తుంది. అదే బండిని ట్రాలీ ఎక్కించి ఘాట్ దింపి, తీరం వైపు పోటీకి తీసుకెళ్తే ఎత్తు ఇచ్చిన సాయం పోతుంది. ఫుల్ థ్రాటిల్‌లో లీన్‌గా నడిచి, ఎండలో ఇంజిన్ కొట్టుకోవడం (నాకింగ్) మొదలవుతుంది. అంచు కరిగిన పిస్టన్ ఒకటి ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. దాన్ని దాచుకున్నది కుర్రాళ్లకి చూపించడానికే.

వెబర్ జెట్ మీద అంకె రంధ్రం వ్యాసం. 140 అంటే 1.40 మిల్లీమీటర్లు. 140 నుంచి 145కి వెళ్తే అంకెలో తేడా చిన్నదే, వైశాల్యంలో మాత్రం 7 శాతం పైనే. ఇథనాల్ తెచ్చిన లోటు దాదాపు అంతే. అందుకే పైకి ఒక జత, కిందికి ఒక జత జెట్లు దగ్గర పెట్టుకోమంటాను. సూదితోనో వైరుతోనో రంధ్రం పెద్దది చేయకండి. ఎంత పెరిగిందో మీకూ తెలియదు, వెనక్కి రావడానికి దారీ ఉండదు.

అపోహ: కార్బ్యురేటర్ ఎంత పెద్దదైతే అంత పవర్.

వాస్తవం: 1298 సీసీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర సిలిండర్లు పూర్తిగా నిండినా నిమిషానికి 3900 లీటర్ల గాలే మింగగలదు. నిజంగా మింగేది ఇంకా తక్కువ. వెంచురీ, అంటే కార్బ్యురేటర్‌లో గాలి దారి ఇరుకయ్యే చోటు, పెద్దదైతే కింది ఆర్‌పీఎంలో అక్కడ గాలి వేగం పడిపోతుంది. వేగం లేకపోతే పెట్రోల్‌ని లాగే శక్తి ఉండదు. ఆటోక్రాస్‌లో మలుపు దగ్గర బ్రేక్ కొట్టి మళ్లీ లాగడమే ఆట. అక్కడ బండి నిద్రపోతే పైన ఎంత పవర్ ఉండి ఏం లాభం? 32/36లో వెంచురీలు 26, 27 మిల్లీమీటర్లు. మన 1.3కి అది చాలు.

అపోహ: ఎలక్ట్రిక్ పంపు పెట్టి ప్రెషర్ పెంచితే పెట్రోల్ లోటు ఉండదు.

వాస్తవం: వెబర్‌కి కావాల్సింది 2.5 నుంచి 3.5 పీఎస్‌ఐ. అంతకు మించితే పెట్రోల్ రాకని నీడిల్ వాల్వ్ ఆపలేదు, పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్ పొంగి మ్యానిఫోల్డ్‌లోకి కారుతుంది. స్లో మీద నల్ల పొగ, వేడి ఇంజిన్ స్టార్ట్ కాకపోవడం, ప్లగ్‌లు తడవడం, వీటన్నిటికీ జెట్లను తిట్టే ముందు పైపుకి ప్రెషర్ గేజ్ పెట్టి చూడండి. జిప్సీకి ట్యాంకుకి తిరిగి వెళ్లే రిటర్న్ పైపు ఉంటుంది. వెబర్‌కి ఆ దారి లేదని దాన్ని మూసేస్తారు, ప్రెషర్ అక్కడే పెరుగుతుంది. మూడు దారుల ఫిల్టర్ పెట్టి రిటర్న్ నిలుపుకోవాలి. ఎలక్ట్రిక్ పంపు పెట్టి తీరాలంటే, ఇంజిన్ ఆగగానే అది కూడా ఆగేలా వైరింగ్ చేయాలి. బండి పల్టీ కొట్టినప్పుడు పంపు తిరుగుతూనే ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను. అలా లేని బండిని షెడ్డు నుంచి బయటికి పంపను.

అపోహ: ప్లగ్ రంగు చూస్తే అంతా తెలిసిపోతుంది.

వాస్తవం: ఫుల్ థ్రాటిల్‌లో లాగి, అక్కడే ఇగ్నిషన్ ఆపి, క్లచ్ నొక్కి ఆపిన తర్వాత తీసిన ప్లగ్ నిజం చెబుతుంది. స్లో మీద నడిపించి ఇంటికి తెచ్చి తీసినది చెప్పదు. పైగా ఇథనాల్ శుభ్రంగా కాలుతుంది, ప్లగ్ ఉన్నదానికంటే తెల్లగా కనబడుతుంది. నలుగురు కలిసి పొగలోని ఆక్సిజన్‌ని బట్టి మిశ్రమం చెప్పే వైడ్‌బ్యాండ్ మీటర్ ఒకటి కొనుక్కుంటే మంచిది. దాన్ని లాంబ్డాలో చదవండి. లాంబ్డా 1 అంటే ఇంధనానికి సరిపడా గాలి, అంతకంటే తక్కువైతే రిచ్. పెట్రోల్ స్కేలు మీద 14.7 అని చూపించేది ఏ ఇంధనానికైనా లాంబ్డా 1 మాత్రమే. ఫుల్ థ్రాటిల్‌లో 0.86 నుంచి 0.90 మధ్య ఉంటే నాకు ధైర్యం.

అపోహ: ఫిల్టర్ తీసేస్తే ఊపిరి బాగా ఆడుతుంది.

వాస్తవం: మన ఎర్రమట్టి ట్రాక్ మీద వద్దే వద్దు. ఒక్క పోటీ చాలు సిలిండర్లు గీతలు పడటానికి.

అపోహ: జబ్బు కార్బ్యురేటర్ మార్చాకే వచ్చింది కాబట్టి దోషం దానిదే.

వాస్తవం: మార్చేటప్పుడు ఇంకేం కదిలించారో గుర్తు తెచ్చుకోండి. ప్లగ్‌లకి కరెంట్ పంచే డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే వ్యాక్యూమ్ పైపు తప్పు మూతికి తగిలించి ఉండొచ్చు. అప్పుడు స్లోలోనే టైమింగ్ ముందుకు వెళ్లిపోతుంది. చల్లటి ఇంజిన్‌కి మిశ్రమం రిచ్ చేసే ఎలక్ట్రిక్ చౌక్‌కి ఇగ్నిషన్ కాయిల్ నుంచి కరెంట్ లాగి ఉండొచ్చు. చౌక్ సరిగ్గా తెరుచుకోదు, స్పార్క్ కూడా బలహీనపడుతుంది. ట్యాపెట్లు, టైమింగ్, ప్లగ్ వైర్లు, కంప్రెషన్ చూశాకే నేను కార్బ్యురేటర్ మీద చెయ్యి వేస్తాను. అలాగే మీరు ఆడే క్లాసులో ఈ మార్పు చెల్లుతుందో లేదో పోటీ రూల్స్‌లో కొనకముందే చదవండి.

నా దగ్గరికి వచ్చేటప్పుడు ఇంజిన్ కడిగి తేకండి. తడి మరకలు, మసి ఉంటేనే ఎక్కడ కారుతోందో కనబడుతుంది. తీసేసిన జెట్లు, పాత ప్లగ్‌లు ఒక డబ్బాలో వేసుకుని రండి. కంపెనీ కార్బ్యురేటర్‌ని దయచేసి పాత సామాన్లవాడికి అమ్మకండి, దాన్నీ తీసుకురండి. ముందు అది బిగించి స్టార్ట్ చేసి చూస్తాను. దానితో కూడా బండి మిస్ కొడుతుంటే వెబర్ పెట్టె ఆ రోజు విప్పనే విప్పను.